గొంతు ఒకరిది, కుట్టు ఒకరిది

పెలోతాస్,
మార్చి నెల

ఒరేయ్ వాల్మోర్,

కవరు విప్పి ఈ దళసరి కాగితం చూడగానే నవ్వి ఉంటావు. మనం చుక్కల అక్షరాల్లో రాసుకుని ఎన్నేళ్ళయిందో! చిన్నప్పుడు భోజనాల బల్ల కింద చీటీలు అందించుకునేవాళ్ళం. అమ్మానాన్నలకు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. చూపున్నవాడివి, నాకోసం బ్రెయిలీ నేర్చుకున్నావు. కాకపోతే వేళ్ళతో కాదు, కళ్ళతో చదివేవాడివి. దొంగవి.

ఈ-మెయిల్ ఎందుకు రాయడంలేదంటే, తెల్మ గారు వద్దన్నారు. ఆవిడ మన వకీలు. మనిద్దరి పాత మెయిళ్ళన్నీ నీ కంపెనీ వాళ్ళు అచ్చువేసి కోర్టు ఫైల్లో కుట్టేశారట. "ఇకమీదట మీ తమ్ముడికి దగ్గొచ్చిందని కూడా అందులో రాయకండి" అన్నారు.

నిన్న ఆవిడ నన్ను కూర్చోబెట్టి, తనే జడ్జి అనుకుని మొత్తం చెప్పమన్నారు. చెప్పాను. "నేను పుట్టుగుడ్డిని. గుడ్డివాళ్ళ బడిలో కంప్యూటర్ పాఠాలు చెప్తాను. తెర మీద ఉన్నది పైకి చదివి వినిపించే ప్రోగ్రామ్ ఒకటి రాశాను. మైదానంలో అడుగు చప్పుడైతే చాలు తీతువులా అరిచే కేరో-కేరో పిట్ట పేరే దానికి పెట్టాను. ఎవరైనా ఊరికే తీసుకోవచ్చు, విప్పి చూడొచ్చు, మార్చుకోవచ్చు. మార్చినదాన్ని మళ్ళీ అందరికీ తెరిచి ఉంచాలి, అదొక్కటే షరతు. అందులో మాట్లాడే భాగం మాత్రం నా తమ్ముడిది. తన గొంతుతో వేల ముక్కలు రికార్డు చేసి, ఆ ముక్కల్ని మాటలుగా కుట్టే పని కూడా వాడే రాశాడు."

"మరి కంపెనీకి ఏం సంబంధం?"

"తమ్ముడు వాళ్ళ దగ్గర ఉద్యోగి. వాళ్ళు ఇలాంటిదే ఒకటి తయారుచేసి బ్యాంకులకు అమ్ముతున్నారు. ఊరికే దొరికేదుండగా మీది ఎందుకు కొనాలని ఎవరో అడిగారట. అప్పుడు మా ప్రోగ్రామ్ తెరిచి చూశారు. పై వరసలో తమ్ముడి పేరు, పేరు పక్కన వాళ్ళ ఆఫీసు చిరునామా. ఇంకేముంది, మొత్తం మాదే అంటున్నారు."

ఆ చిరునామా ఎందుకు పెట్టారని అడిగారు తెల్మ గారు. పని అక్కణ్ణుంచి వచ్చింది కాబట్టి పెట్టానన్నాను. పని చేసినవాడి పేరు, అది ఏ చిరునామా నుంచి వస్తే ఆ చిరునామా, రెండూ పైన ఉండాలి. ఎవరూ చెరపకూడదు. ప్రోగ్రాములు రాసి అందరికీ తెరిచి ఇచ్చే మన వాళ్ళలో అది దీపం వెలిగించడంలాంటి ఆచారం కదా! ఆవిడ ఫైలు మూసిన చప్పుడైంది. "అక్కడ మీ ఇంటి చిరునామా ఉండి ఉంటే ఈ దావాయే ఉండేది కాదమ్మా" అన్నారు.

పేరే వద్దని అప్పుడు నువ్వు ఎంత మొత్తుకున్నావో నాకూ గుర్తుంది. ఎత్తిపొడవకు.

మా బడిలో కొత్తగా చేరిన దోన ఒనీర సంగతి చెప్పాలి. డెబ్బై దాటాక చూపు పోయిందావిడకి. కేరో-కేరోతో రోజూ పేపరు వింటుంది. మొన్న నన్ను పిలిచి, "టీచరమ్మా, ఈ పెట్టెలో మాట్లాడే అబ్బాయికి పెళ్ళయిందా? నా మనవరాలు ఉంది" అంది. కాలేదనీ, అయ్యే సూచనలూ లేవనీ చెప్పాను.

జవాబు రాయి. మొన తీసుకుని కాగితం వెనకనుంచి, అక్షరాల్ని తిరగేసి పొడవడం మర్చిపోతే తప్పులతోనే రాయి.

నీ అక్క,
జందీర

*

పోర్తో అలెగ్రే,
ఏప్రిల్

జందీరక్కా,

చెయ్యి తిరగడం లేదు. మూడు కాగితాలు పాడుచేశాక ఇది నాలుగోది. అద్దంలో చూస్తూ గడ్డం గీసుకున్నట్టుంది ఈ రాత.

దోన ఒనీరకు నా నమస్కారాలు చెప్పు. మనవరాలి వంట ఎలా ఉంటుందో కనుక్కో.

ఆఫీసులో నన్ను పని ఉన్న గదిలోంచి తీసి పని లేని గదిలో కూర్చోబెట్టారు. మా మేనేజరు నవ్వుతూ వచ్చి, "వాల్మోర్, నువ్వు మంచివాడివే. కానీ మంచితనం ఆఫీసు టైములో చేశావు, అదే చిక్కు" అన్నాడు. "మధ్యాహ్నం భోజనం మానుకుని చేశాను సార్" అన్నాను. "భోజనం నీది. మైకు ఎవరిది? గది ఎవరిది?" అన్నాడు. 

ఆ గది నీకెప్పుడూ చెప్పలేదు కదూ? చప్పుడు బయటికి పోని చిన్న అద్దాల గది. అందులో కూర్చుని ఏడాదిపాటు "బ, బే, బి, బో" అనుకుంటూ ఉండేవాణ్ణి. బయటినుంచి చూసేవాళ్ళకు నా పెదవులే కనిపించేవి. వాల్మోర్ చేపలా మారిపోతున్నాడని ఒకడు బోర్డు మీద బొమ్మ కూడా గీశాడు. నేను మాత్రం నువ్వు ఎదురుగా కూర్చున్నట్టు అనుకుని పలికేవాణ్ణి. వేగంగా చదివితే నీకు విసుగు. మరీ మెల్లగా చదివితే ఇంకా విసుగు.

ఫోన్ చెయ్యకు అక్కా. నా చేతిలో ఉన్నది కంపెనీ ఇచ్చిన ఫోనే. ఎవరు వింటారో తెలియదు. ఉత్తరాలే మేలు.

ఇక్కడ ఎండ తగ్గింది. చిమర్రావ్ టీ మానేశాను. వేడివేడిగా తాగొద్దని ఎవరో అన్నారులే. సాయంత్రాలు ఏం చెయ్యాలో తోచడం లేదు.

వాల్మోర్

*

పెలోతాస్,
మే

ఒరేయ్,

చిమర్రావ్ మానేశావా? ఈ మాట బయట అనకు, మనల్ని ఈ రాష్ట్రంలోంచి వెళ్ళగొడతారు. నాన్న జ్వరంలో కూడా అది తాగే సొరబుర్ర కింద పెట్టేవాడు కాదు. నువ్వేమో ఎవరో అన్నారని మానేశావు! ఎవరా ఎవరో? పేరుందా? వంట వచ్చా?

ఇప్పుడు అసలు సంగతి. జూలైలో అక్కడి కోర్టులో నీ సాక్ష్యం, నేను రానక్కర్లేదట. ఉద్యోగి సొంతంగా, పనితో సంబంధం లేకుండా, కంపెనీ సామాను వాడకుండా చేసుకున్నది ఉద్యోగిదేనట. కంపెనీ సామానుతో చేస్తే కంపెనీదట. ఇదీ తెల్మ గారు చెప్పిన చట్టం. అంటే అంతా నీ ఒక్క మాట మీద నిలబడి ఉంది. ఇంట్లో చేశానని చెప్పు.

నీ చేత అబద్ధం ఆడిస్తానని కలలో కూడా అనుకోలేదు. కానీ ఆలోచించు. నువ్వు తినే అన్నం మానుకుని చేసిన పని అది. ఎవరూ చెయ్యమనలేదు, ఎవరూ జీతం ఇవ్వలేదు. మైకు వాళ్ళదైతే గొంతు వాళ్ళదవుతుందా? వాళ్ళ గిన్నెలో తాగినంత మాత్రాన దాహం వాళ్ళదవుతుందా?

బడిలో పిల్లలు నీ గొంతుతో పాఠాలు వింటున్నారు. బాజే నుంచి ఒకాయన ఫోన్ చేశాడు. కేరో-కేరో వచ్చాకే తన జీతం చీటీ తను చదువుకున్నాట్ట. అంతవరకూ బావమరిది చదివి, తనకు తోచినంత చెప్పేవాడట. వాళ్ళందరి సంగతి అలా ఉంచు. పొద్దున లేచి మిషను తెరిస్తే నాకు మొదట వినిపించేది నువ్వు. నువ్వు ఆ ఊరు వెళ్ళి ఇన్నేళ్ళయినా, ఇంట్లో లేవని నాకు ఒక్కరోజూ అనిపించలేదు.

"ఇంట్లో." ఒక్క మాట. నాకోసం.

జవాబు వెంటనే రాయి.

జందీర

*

పోర్తో అలెగ్రే,
జూన్

అక్కా,

ఇక్కడ పొగమంచు. కిటికీలోంచి గ్వాయిబ నీళ్ళు కనిపించాలి. తెల్ల దుప్పటి తప్ప ఏమీ కనిపించడం లేదు. నేను అద్దెకుంటున్న ఇంటి యజమానురాలు రోజూ సూపు పంపుతోంది, మంచి మనిషి. ఆదివారం మన ఫుట్‌బాల్ జట్టు గ్రేమియో ఓడిపోయింది. గోడ అవతల ఒకాయన రేడియో పట్టుకుని గంటసేపు తిట్టాడు. అన్ని తిట్లు ఉన్నాయని నాకు తెలియదు. కొన్ని నీకోసం రాసి ఉంచాను, కలిసినప్పుడు ఇస్తాను.

సాక్ష్యం గురించి తర్వాత రాస్తాను.

చేతులు కాస్త నీరసంగా ఉన్నాయి. చుక్కలు లోతుగా పడకపోతే ఏమీ అనుకోకు.

వాల్మోర్

*

పెలోతాస్,
ఆగస్టు

వాల్మోర్‌కు,

తీర్పు వచ్చింది. తెల్మ గారు పంపిన ఫైలు తెరిచాను. చదివింది ఎవరో తెలుసా? నువ్వే. నీ గొంతే, తొణక్కుండా, ఎక్కడ ఆగాలో అక్కడ ఆగుతూ, తీర్పు మొత్తం నాకు చదివి వినిపించింది. "ప్రతివాది తమ్ముడు స్వయంగా ఒప్పుకున్నాడు" అన్న చోట కూడా ఆ గొంతు వణకలేదు. వణకడం నువ్వు దానికి నేర్పలేదు కదా!

ఏం ఒప్పుకున్నావో విన్నాను. ఆఫీసు గది, ఆఫీసు మైకు, ఆఫీసు మిషను. ఒక్కటీ వదల్లేదు. అడగనివి కూడా చెప్పావట.

మాట్లాడే భాగం, రికార్డింగులతో సహా, కంపెనీదట. దాన్ని అందరికీ తెరిచి ఇచ్చే హక్కు నీకు లేదు గనుక నాకూ లేదట. నేను దాన్ని తీసెయ్యాలి. అయితే గొంతు మనిషిది గనుక, నీ అనుమతి లేకుండా కంపెనీ కూడా దాన్ని వాడకూడదట. గొంతు నీది, కుట్టు వాళ్ళది. ఇద్దరిలో ఎవరికీ పనికిరాకుండా బీరువాలో పెట్టి తాళం వేసినట్టు. మిగతా ప్రోగ్రామ్ నాదేనట, తెరిచే ఉంచుకోవచ్చట. మాట్లాడని కేరో-కేరో! మూగ తీతువును ఎక్కడైనా చూశావా?

నిన్ను అడిగింది ఒక్క మాట. జవాబు కూడా ఇవ్వలేదు. గ్రేమియో ఓడిపోయిందని రాశావు.

*

ఇది సాయంత్రం రాస్తున్నాను. పైన రాసింది అలాగే ఉంచుతున్నాను, చుక్కల్ని చెరిపే ఓపిక లేదు.

తెల్మ గారు వచ్చి వెళ్ళారు. నేను ఏడుస్తుంటే ఊరడిస్తూ, "ఎందుకమ్మా అంత బెంగ? పాత రికార్డింగు పోతే పోయింది. మీ తమ్ముడు ఇంట్లో కూర్చుని కొత్తగా మళ్ళీ పలకొచ్చు కదా! కుట్టే ప్రోగ్రామ్ మీరూ ఆయనా రాయకూడదు, పాతది మీకు కంఠతా వచ్చు గనుక అది నకలే అంటారు. పాతదాన్ని ఎన్నడూ విప్పి చూడనివాళ్ళు రాయొచ్చు" అన్నారు. నాకు ప్రాణం లేచొచ్చింది. రెసీఫెలో ఒక అమ్మాయి ఉంది, జెనూజా అని. ఎప్పటినుంచో ఏదైనా పని ఇవ్వమంటోంది. ఆ పిల్ల కుడుతుంది, నువ్వు పలుకుతావు, ఏడాదిలో మళ్ళీ అంతా మామూలే. ఈ ఉత్తరం చింపేసి, వచ్చెయ్యమని కొత్తది రాద్దామనుకున్నాను.

అప్పుడు తెల్మ గారు వెళ్ళబోతూ, గుమ్మం దగ్గర అన్నారు. "పాపం, మీ తమ్ముడికి ఆరోజు ఒంట్లో బాగోలేదనుకుంటాను. జవాబులన్నీ కాగితం మీద రాసిచ్చాడు. గుమస్తా చదివాడు. మెడకు రుమాలు చుట్టుకుని ఉన్నాడు."

చిమర్రావ్ మానేశావు. ఫోన్ వద్దన్నావు. జూన్‌లో సూపు తాగావు. గోడ అవతల మనిషి. ఎక్కడి గోడ?

వాల్మోర్, నీ గొంతుకేమైంది?

*

పోర్తో అలెగ్రే,
సెప్టెంబరు

అక్కా,

ఆసుపత్రి గోడ.

మార్చిలో నీ ఉత్తరం వచ్చేసరికే గొంతు బొంగురుపోయి ఉంది. డాక్టరు గొట్టం వేసి చూసి, పుండు ఉందన్నాడు. అది మామూలు పుండు కాదన్నాడు. జూన్‌లో తీసేశారు. పుండుతోపాటు మాట పుట్టే చోటు కూడా. ఇప్పుడు మెడ మీద చిన్న రంధ్రం ఉంది, ఊపిరి అందులోంచి పోతోంది. రుమాలు దానికోసమే. నొప్పి లేదు. తింటున్నాను. వ్యాధి మళ్ళీ రాకపోవచ్చంటున్నారు. ఇవన్నీ నిజాలే, నిన్ను ఓదార్చడానికి రాయడం లేదు.

ఎందుకు దాచానని అడుగుతావు. నువ్వు మనుషుల్ని చెవితో చూస్తావు. మిగతావాళ్ళకు నేను మూగవాణ్ణయ్యానంతే. నీకు మాత్రం కనిపించకుండా పోయినట్టే. అది ఎలా చెప్పాలో తెలియలేదు. ఫోన్లో ఒక్క 'హలో'తో పట్టేస్తావని ఫోన్ వద్దన్నాను. కేసు గెలిస్తే గొంతు నీ దగ్గర ఉంటుంది కదా, అప్పుడు మెల్లగా చెప్పొచ్చులే అనుకున్నాను. అందుకని "ఇంట్లో చేశాను" అని రాసివ్వడానికే ఆరోజు కోర్టుకు వెళ్ళాను. నువ్వు అడిగావని కాదు. నాకే కావాలి.

కంపెనీ వకీలు లేచాడు. నా పని గురించి అడగలేదు. నీ గురించి మొదలుపెట్టాడు. "ఈ ప్రోగ్రామ్ మొత్తం మీ అక్కగారే రాశారంటున్నారు. ఆవిడకు చూపు లేదు. ఇంత పని ఆవిడ చేశారంటే కోర్టువారు నమ్మాలా? ఆఫీసులో కూర్చుని మొత్తం మీరే రాసి, ఆవిడ పేరు పెట్టారు కదూ?" అన్నాడు. గదిలో ఒకరిద్దరు తలలూపారు అక్కా. జడ్జి కూడా నావైపు చూశాడు, అవునా అన్నట్టు.

నీ పని నీదేనని చెప్పగల సాక్షిని నేనొక్కణ్ణే. వాళ్ళ బల్ల మీద అద్దాల గది తాళం ఎవరెవరు ఎప్పుడు తీసుకున్నారో ఆ కాగితాలున్నాయి. నేను ఇంట్లో అని రాస్తే అవి తీసి చూపించేవాళ్ళు. ఒకచోట అబద్ధమాడినవాడు అక్క గురించి చెప్పింది మాత్రం ఎలా నమ్ముతామనేవాళ్ళు. నీ ప్రోగ్రామ్ మొత్తం పోయేది, నీ పేరుతో సహా.

అందుకని రాశాను. "ప్రతి వరసా మా అక్క రాసింది. నేను ఆ పని నేర్చుకున్నదే ఆవిడ దగ్గర. మాట్లాడే భాగం ఒక్కటే నాది, అది ఆఫీసు గదిలో, ఆఫీసు మైకుతో, ఆఫీసు మిషను మీద చేశాను." గుమస్తా చదివాడు. కూరగాయల ధరలు చదివినట్టు చదివాడు. జడ్జి రాసుకున్నాడు.

కంపెనీ వాళ్ళు నా గొంతు వాడుకుంటామని మళ్ళీ కబురుచేశారు. అనుమతి ఇవ్వలేదు. ఉద్యోగం పోయింది. అది పోయినందుకు పెద్దగా బాధలేదు.

కొత్తగా పలకడం నావల్ల కాదు. తెల్మ గారికి నువ్వే చెప్పు.

నీ తమ్ముడు,
వాల్మోర్

*

పెలోతాస్,
అక్టోబరు

తమ్ముడూ,

నీ ఉత్తరం వచ్చాక కొన్నాళ్ళు మిషను తెరవలేదు. తెరిస్తే నువ్వు మాట్లాడతావు. మాట్లాడేది నువ్వు కాదు. ఆ రెండూ ఒకేసారి భరించలేకపోయాను. తర్వాత ఎప్పుడూ మూయకుండా తెరిచే ఉంచాను. వంట చేస్తూ విన్నాను. వాతావరణం, మందుల చీటీలు, పాత పరీక్ష పేపర్లు, ఏది దొరికితే అది చదివించుకున్నాను. పక్కింటావిడ, "ఏమిటమ్మా, తమ్ముడు ఊరినుంచి వచ్చాడా?" అని అడిగింది. వచ్చాడన్నాను.

తీసెయ్యడానికి కోర్టు ఇచ్చిన గడువు దగ్గరపడింది. కేరో-కేరో వాడే ఊళ్ళన్నిటికీ కబురు పంపాను, తీసెయ్యండని. ఎవరు తీశారో, ఎవరు తియ్యలేదో నేను అడగను. బడి మిషన్లలో నేనే తీశాను. దోన ఒనీర పెట్టెను రెండు చేతులతో పట్టుకుని, "రేపు తియ్యి టీచరమ్మా, ఇవాళ ఇంకా పేపరు అవలేదు" అంది. మర్నాడు వెళితే, "ఇవాళ ఆదివారం సంచిక, పెద్దది" అంది. చివరికి తనే, "అబ్బాయికి ఒంట్లో బాలేదటగా? పడుకోనీ" అని చేతులు తీసేసింది. ఎవరు చెప్పారో తెలియదు.

నా మిషన్లోది ఆఖరికి ఉంచాను. వేరే మనిషిని పిలవొచ్చు, తెల్మ గారు పంపుతానన్నారు కూడా. వద్దన్నాను.

ఫైలు మీదికి వెళ్ళాను. "వాల్మోర్, మాట" అన్నావు. అది ఫైలు పేరు, నేనే పెట్టాను. తీసెయ్యమన్నాను. "శాశ్వతంగా తొలగించాలా?" అని అడిగావు. రోజూ అడిగినట్టే, చివర కొంచెం పైకెత్తి. నేను బాణం మీట నొక్కాను. "కాదు" అన్నావు. ఇంకోసారి నొక్కాను. "అవును" అన్నావు. ఆ రెంటి మధ్య చాలాసేపు తిరిగాను. కాదు. అవును. కాదు. నువ్వు విసుక్కోలేదు. చివరికి అవును దగ్గర ఆగి నొక్కాను.

పోయిందో లేదో నాకు చెప్పేవాళ్ళు లేరు. చెప్పాల్సింది ఆ గొంతే. చేతులు మీటల మీద పెట్టుకుని కూర్చున్నాను. ఫ్యాను తిరుగుతున్న చప్పుడు వినిపించింది. ఇన్నేళ్ళూ ఆ మిషన్లో ఫ్యాను ఉందని నాకు తెలియనే తెలియదు.

పై వరసలో నీ పేరు కూడా తియ్యాలన్నారు. పని లేనప్పుడు పేరు ఉండకూడదట, అది మన ఆచారమే. అది మాత్రం ఇంకా చెయ్యలేదు.

జెనూజా వేరే ఎవరి గొంతుతోనో పని మొదలుపెట్టింది. మంచి పిల్ల. మంచి గొంతే అయి ఉంటుంది.

నా మీద కోపం లేదు కదా? అబద్ధం చెప్పమన్నది నేను. చూపులేనిది ఇంత రాసిందా అని ఆ గదిలో తలలూపినప్పుడు నువ్వు ఒక్కడివే నిలబడ్డావు. నేనేమో ఇక్కడ కూర్చుని, 'ఒరేయ్' అని కూడా అనకుండా, పరాయివాడికి రాసినట్టు నీకు 'వాల్మోర్‌కు' అని రాశాను.

జందీర

*

పెలోతాస్,
నవంబరు

వాల్మోర్,

నిన్న మధ్యాహ్నం ఫోన్ మోగింది. తీశాను. అవతల గరగరమని ఒక చప్పుడు. డబ్బాలో గులకరాళ్ళు కదిలినట్టు, మధ్యలో గాలి. ఎవరో పిచ్చివేషాలు వేస్తున్నారనుకున్నాను. "ఎవరండీ?" అన్నాను. మళ్ళీ అదే చప్పుడు, ఈసారి మెల్లగా, రెండు ముక్కలుగా. "ఎవరు కావాలండీ? రాంగ్ నంబర్" అన్నాను.  అవతల ఫోన్ పెట్టేశారు.

అంట్లు తోముతూ ఉంటే చేతుల్లోంచి పళ్ళెం జారింది. ఆ రెండు ముక్కలు గుర్తొచ్చాయి. రెండోది 'అక్కా'.

ఆసుపత్రిలో కొత్తగా మాట నేర్పుతారని విన్నాను, మెడ దగ్గర ఏదో పరికరం ఆనించి. నువ్వు నేర్చుకుంటున్నట్టు రాయలేదు. మొదట నాకే వినిపిద్దామనుకున్నావు. నేను ఎవరండీ అన్నాను.

నేను చెవితో చూసేదాన్నని రాశావు. చూశావుగా, నా చూపు ఎంతటిదో.

మళ్ళీ ఫోన్ చెయ్యి. ఏం మాట్లాడకపోయినా ఫరవాలేదు, వంకాయల ధర చెప్పు, గ్రేమియోను తిట్టు. రోజూ చెయ్యి. నీ పాత గొంతు నువ్వు పుట్టినప్పటినుంచి నాకు తెలుసు, అందుకని అది నేర్చుకోవాల్సిన పని పడలేదు. ఇది నేర్చుకోవాలి. నాకు కొన్నాళ్ళు పడుతుంది. మొద్దుదాన్ని, ఓపిక పట్టు.

ఈ ఉత్తరం అందగానే చెయ్యి. ఫోన్ పక్కనే కూర్చుని ఉంటాను. ఈసారి ఎవరని అడగను.

అక్క